ఆ కౌంటర్ మార్చింది మా రత్నమ్మత్త

నిన్న పొద్దున ఓపీ చూస్తుండగా కోడుమూరు నుంచి ఫోన్ వచ్చింది. మా అత్త కొడుకు.

"అమ్మ లేదు బావా."

అంగడి తెరవడానికి మెట్లెక్కుతూ కూలబడిందట. మళ్ళీ లేవలేదు.

ఎదురుగా ఉన్న పేషెంట్ "ఏమైంది సార్" అని అడిగేదాకా ఫోన్ చెవికే పెట్టుకుని ఉన్నాను.

కంప్యూటర్‌లో తెలుగు టైప్ చేయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

రత్నమ్మ మా నాన్న చెల్లెలు. కోడుమూరులో ముప్పై ఏళ్ళు బట్టల షాపు నడిపింది.

కర్నూలులో నేను నర్సింగ్ హోం పెట్టిన కొత్తలో, కంటి ఆపరేషన్ కోసం వచ్చి మా ఇంట్లో ఉంది. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఊరికే ఉండలేక రోజూ నాతో వచ్చి వెయిటింగ్ హాల్‌లో కూర్చునేది.

ఒకరోజు ఆలూరు వైపు నుంచి ఒకామె వచ్చింది. కౌంటర్ దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది. చివరికి చీటీ రాయించుకోకుండానే బయటికి వెళ్ళిపోయింది.

అత్త నల్లకళ్ళద్దాలతోనే వెంట వెళ్ళి, ఆటోల దగ్గర ఆపి, మాట్లాడి, నేరుగా నా రూమ్‌కి తీసుకొచ్చింది.

రొమ్ములో గడ్డ. అప్పటికి ఎన్నో నెలలైంది.

అంతకుముందు రెండుసార్లు మా దగ్గరికే వచ్చి వెళ్ళిపోయిందట. మా కౌంటర్ తలుపు పక్కనే ఉండేది. క్లర్క్ గట్టిగా "ఏం జబ్బు?" అని అడిగి రాసుకునేవాడు. హాల్ నిండా మగవాళ్ళు. ఆమె నోరు పెగల్లేదు.

హైదరాబాద్ పంపించాం. ఏడాది తిరక్కముందే పోయింది.

ఆ కబురు తెలిసిన రోజు అత్త కర్నూలు వచ్చింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా అంగట్లో లోపలేసుకునే బట్టలు యాడ పెట్టినామో చూసినావా అప్పా? శానా లోపల, పరదా ఎనక. ఆడ ఆడమనిషే ఉంటాది. తలుపుకాడ పెడితే, అడిగేకి సిగ్గయి ఎనిక్కి పోతారు. నువ్వు తలుపుకాడనే అడిగిస్తాండావు."

మర్నాడే వడ్రంగిని పిలిపించింది. తలుపు దగ్గర పేరు, ఊరు మాత్రమే అడగాలి. జబ్బు సంగతి లోపల, పరదా చాటున, నర్సు అడగాలి. బెంచీలన్నీ ఆ పరదాకి వీపు ఉండేలా తిప్పించింది. వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వమంది.

క్లర్క్ అలిగాడు. టైమ్ వేస్ట్ అని నేనూ వాదించాను. ఆస్పత్రిని చీరల షాపు చేశావని ఫ్రెండ్స్ నవ్వారు.

కొన్నాళ్ళకి ఆడవాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళే అక్కచెల్లెళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు. కొందరిని టైమ్‌కి కాపాడుకోగలిగాం.

తర్వాత కడప నుంచి ఇద్దరు డాక్టర్లు చూడ్డానికి వచ్చారు. ఈ ఐడియా ఎవరిది అని అడిగారు.

నాదే అన్నాను.

అత్త అక్కడే ఉంది. వాళ్ళకి కాఫీ తెచ్చి ఇచ్చింది.

ఎన్నోసార్లు అడగాలనుకున్నాను, ఆ రోజు బాధపడ్డావా అని. అడగలేదు. నిన్న సాయంత్రం ఆమె కాళ్ళ దగ్గర నిలబడ్డప్పుడు కూడా నోరు రాలేదు.

అందుకే ఇక్కడ, మీ అందరి ముందూ రాస్తున్నాను. ఆ ఐడియా నాది కాదు. ఏడో క్లాసు చదివిన మా రత్నమ్మత్తది.

ఇంక పోయిరా అత్తా. నీ మనసు చల్లగా, నెమ్మదిగా ఉండాలి.