ఎనిమిదో పాఠంలో బొమ్మలు

నా ఒళ్ళు మండించే మాట ఒకటుండాది. "మేమంతా ఊరికే చేస్తున్నాం గదా మేడం" అనే మాట. ఎవురేం తప్పు చేసినా ఆ మాట అనేస్తే చాలు, ఇంక వాళ్ళ మీద నోరెత్తకూడదంట. నేను కూడా ఊరికే చేసినదాన్నే. ఏండ్ల తరబడి చేసినాను. జీతం అడగలా, శాలువా కప్పమనలా. చేసిన పని చెడగొట్టొద్దండి నాయనా అంటే మాత్రం, నాకు కోపమెక్కువ అన్నారు. ఎక్కువే. మా ఇస్కూల్లో ఏ పిల్లోడిని అడిగినా చెప్తాడు.

తిరుపతికి దగ్గర్లో ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను నేను. పుట్టినప్పటినుంచీ చూపు లేదు. కంప్యూటర్ తెర మీద ఏముండాదో పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుండాది. నేను చదివేది, రాసేది, పిల్లోళ్ళ మార్కులు ఎక్కించేది అంతా దాంతోనే. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. దేశదేశాల్లో ఎవరెవరో కూర్చుని తయారుచేసి, లోపలి గుట్టంతా అందరికీ తెరిచిపెట్టినారు. ఓపెన్ సోర్స్ అంటారు. ఎవురైనా తీసుకోవచ్చు, చేతనైతే బాగుచెయ్యచ్చు. దాన్ని వాడేదెట్లనో తెలుగులో చెప్పే వెబ్‌సైటు మాది. మాది అంటే ఐదారుమందిమి, ఒకరు హైదరాబాదులో, ఇద్దరు బెంగుళూరులో, అట్ల తలా ఒక చోట. వాళ్ళందరికీ కండ్లుండాయి. లేనిదాన్ని నేనొకతే. పాఠాలు రాసేదాన్ని కూడా నేనే.

నా పాఠాలు ఎట్లుంటాయంటే, ఒక్కో మెట్టుకు మూడు మాటలు. ఏ కీ నొక్కాలి. నొక్కితే ఏం వినపడాలి. అది వినపడకపోతే ఏం చెయ్యాలి. "ఆల్ట్ పట్టుకోని ఎఫ్ నొక్కండి. ఫైల్ అని వినపడాలి. వినపడకపోతే మీరు వేరే చోట ఉన్నారు, భయం లేదు, ఎస్కేప్ నొక్కి మళ్ళా మొదలుపెట్టండి." ఇట్ల పేజీలకు పేజీలు. కండ్లుండేవాళ్ళు చదివితే నిద్దరొస్తాది. రానీ. ఆ మూడో మాటే నాకు ముఖ్యం. మిషను ఉన్నట్టుండి నోరు మూసుకున్నప్పుడు, తప్పు నాదా, మిషనుదా అని గుండె జారిపోతాది మాకు. ఆ నిముషంలో పక్కన ఒక మనిషి ఉండి భుజం తట్టాల. ఆ మనిషి పని పేజీ చెయ్యాల.

ఆ పేజీలు పట్టుకోని నేర్చుకుంటా ఉండే ఒకాయన చిత్తూరులో ఉండాడు. మామిడికాయల మండీలో గుమాస్తా. ఇంట్లో ఉర్దూ, మండీలో తెలుగూ అరవమూ. నలభై దాటినాక షుగరొచ్చి కండ్లు తీసుకుపోయింది. ఇరవై ఏండ్లకు పైగా ఆ మండీలో బిల్లులు రాసిన చెయ్యి, ఇంట్లో ఖాళీగా కూర్చునింది. ఎవురో చెప్తే నాకు ఫోన్ చేసినాడు. మండీ యజమాని మంచోడేనంట. కంప్యూటర్లో బిల్లులు వేసేది నేర్చుకో, తోతాపురి లారీలు దిగేలోపల వస్తే నీ కుర్చీ నీదే అన్నాడంట. ఆయన ఆశంతా ఆ కుర్చీ మీదే. భార్య ముందర, పెండ్లీడు కొడుకు ముందర మళ్ళా పొద్దున్నే చొక్కా వేసుకోని బయటికి పోయే మనిషి కావాలని.

ఆదివారమాదివారం ఫోన్ చేసేవాడు. టీచరమ్మా, మూడో పాఠం అయిపోయిందమ్మా, నాలుగో పాఠంలో ఒకచోట తడబడినా గాని మీ పేజీ చెప్పినట్టే ఎస్కేప్ నొక్కినా, దారికొచ్చింది అని నవ్వేవాడు. ఆయన వేళ్ళు మొరటు, ఒక కీ నొక్కబోతే రెండు పడతాయి. అయినా పట్టు వదిలేవాడు కాదు. ఏడో పాఠం అయింది. ఎనిమిదో పాఠం గళ్ళ పట్టిక, అంటే బిల్లు వేసే చోటు. అదొక్కటి దాటితే మండీలో కూర్చోవచ్చు. వేసవి సెలవులు మొదలయినాయి. ఒక ఆదివారం ఫోన్ రాలా. తరవాతి ఆదివారం కూడా రాలా. సీజన్ దగ్గరకొచ్చింది గదా, మండీ చుట్టూ తిరుగుతా ఉంటాడులే అనుకున్నా.

ఆ రోజుల్లోనే మా వెబ్‌సైటు వాళ్ళ ఫోన్ గుంపులో సంబరం. వెబ్‌సైటు కొత్తగా చేసినారంట. బెంగుళూరు నుంచి కొత్తగా చేరిన ఒక డిజైనరు రెండు నెలలు కష్టపడి మొత్తం మార్చినాడంట. ఒకరిని చూసి ఒకరు అభినందనలు, చప్పట్ల బొమ్మలు. నా ఫోను ఆ చప్పట్ల బొమ్మలను ఒక్కొక్కటే చదివి వినిపించింది, ఓపిగ్గా. సరే, ఎట్లుండాదో విందామని తెరిచినాను.

చిత్రం, అనింది నా కంప్యూటరు. చిత్రం. బొత్తాం. చిత్రం. చిత్రం.

కిందికి పోయినాను, పైకి వచ్చినాను. మొదటి పాఠంలో నా మాటలు నాలుగు వాక్యాలు మిగిలినాయి. తక్కిందంతా తెరను ఫోటో తీసి, దాని మీద బాణం గుర్తు వేసి పెట్టినారంట. కుడిపక్క పచ్చగా కనిపించేది నొక్కండి, అంతే. ఎనిమిదో పాఠంలో ఆ నాలుగు వాక్యాలు కూడా లేవు. అన్నీ చిత్రాలే. రాత ఎక్కువైతే జనం చదవరని తీసేసినారంట. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏందో ఆ పూట తెలిసింది నాకు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అని సామెత. మా వెబ్‌సైటు కూడా అట్లే తయారయింది, తెరిచినా ఒకటే, తెరవకపోయినా ఒకటే.

పోనీ, నా పాఠాలు నేనే మళ్ళా పెట్టుకుంటానని లోపలికి పోబోతే, వాకిట్లో కొత్త కావలి. నువ్వు మనిషివో మిషనువో తేల్చుకోవాల, ఈ ఫోటోల్లో ఫలానావి ఉండే గళ్ళు నొక్కు అంటాది. చెవితో విని దాటే వీలు ఒకటి పెట్టొచ్చు. పెట్టలేదు. మా అమ్మను పిలిచినాను. అమ్మ ఐదో తరగతి. నిప్పంటుకుంటే నీళ్ళు పట్టుకునే కుళాయిలు యాడుండాయో చూడాలమ్మా అన్నాను. వీధి కుళాయి తెలుసు అమ్మకు. ఇదేం కుళాయో తెలియదు. శానాసేపు చూసింది.

"ఎర్రగా, పొట్టిగా, నెత్తిన టోపీ పెట్టుకోని నిలబడుండాది. ఏం దేవుడమ్మీ ఇది?"

ఆ కోపంలో కూడా నవ్వొచ్చింది నాకు. అమ్మ చేతి మీద చెయ్యేసి చూస్తే మౌసును చీపురు పట్టుకున్నట్టు పట్టుకోనుండాది. ఒక గడి నొక్కేలోపల టైమయిపోయి ఇంకో ఫోటోలొచ్చినాయి. ఈసారి మెట్లు. తరవాత బస్సులు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్లేదు పెద్దలు. కడాకు ఎదురింటి కాలేజీ పిల్లను బతిమాలుకుంటే, ఆ పిల్ల అరనిముషంలో దాటించింది. లోపలికి పోతే ఏముండాది? రాసే చోటంతా మౌసుతో పట్టుకోని ఈడ్చేది. కీలతో ఒక్క అక్షరం కదలదు. నేను కట్టుకున్న ఇంట్లోకి నేను దొంగ మాదిరి దూరి, చేతులు కట్టుకోని బయటికొచ్చినాను.

గుంపులో రాసినాను. మర్యాదగానే మొదలుపెట్టినా. ఒకరు, మీ సూచనకు ధన్యవాదాలు, వచ్చే నెల మీటింగులో మాట్లాడదాం అన్నారు. ఇంకొకరు, ఇట్లాంటివి ఈడ కాదు, వెబ్‌సైటులో ఫిర్యాదు పేజీలో పెట్టాలన్నారు. ఆ పేజీకి పోవాలన్నా ఆ ఫోటోల వాకిలే దాటాల. మూడో ఆయన, ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోని చదివించుకుంటే సరిపోతాది గదా అన్నాడు. ఆ మాటకు నేను రాసిన జవాబు ఈడ రాయను. చిత్తూరులో ఒక మనిషి బతుకు ఎనిమిదో పాఠం కాడ ఆగి ఉండాదని మాత్రం చెప్పినాను. అప్పుడు వచ్చింది ఆ మాట, మేమంతా ఊరికే చేస్తున్నాం గదా మేడం అని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదని మా అమ్మ నన్నే కసిరింది.

ఆ డిజైనరు మాత్రం విడిగా మెసేజీ పెట్టినాడు. భార్యాబిడ్డలతో దర్శనానికి వస్తా ఉండాడంట, తిరుచానూరులో లాడ్జిలో దిగుతాడంట, ఒకసారి కలుస్తారా మేడం అని. కలవక? అమ్మను తీసుకోని ఆటోలో పోయినాను. లాడ్జి గుమ్మం కాడ పూలమ్మేవాళ్ళు మూర పదిహేను, మూర ఇరవై అని అరుస్తా ఉండారు. వాళ్ళ మల్లెల వాసన మెట్లెక్కేదాకా వెంటొచ్చింది.

చెడ్డ పిల్లోడు కాదు. గొంతులో మర్యాదుండాది. నాకు కుర్చీ తట్టి చూపించినాడు, అమ్మకు కాఫీ తెప్పించినాడు. కూర్చున్నాక లాప్‌టాప్ మూత తెరిచిన చప్పుడయింది. చూడండి మేడం అని నా పక్కకు తిప్పినాడు. చూడండి అన్నందుకు నాకేం కోపం రాదు. మేము కూడా అంటాం ఆ మాట. తరవాత చెప్పిందానికి వచ్చింది. కొత్త సైటు శానా అందంగా ఉండాదని అందరూ అంటా ఉండారంట. ఎవురన్నారు అని అడిగినా. మా ఆఫీసులో అన్నాడు. మీ ఆఫీసులో ఎంతమందికి కండ్లు లేవు అని అడిగినా. పైన పటారం, లోన లొటారం అని నేను మొదలుపెడితే, అమ్మ నా మోకాలు గిల్లింది.

అప్పుడు నాకొకటి తోచింది. నేను అరిచేది దేనికి? ఎవురి కోసమో ఆయనతోనే మాట్లాడించాల. చిత్తూరుకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఫోను ఆ పిల్లోడి చేతిలో పెట్టినాను. ఆ వెబ్‌సైటు చేసినాయన ఈడే ఉండాడన్నా, ఎనిమిదో పాఠం మొదటి మెట్టు ఏందో ఆయన్నే అడుగు అన్నాను. నమస్తే సార్ అన్నాడు ఆయన, ఎప్పటి మాదిరే వినయంగా. ఈ పిల్లోడు, కుడిపక్క పచ్చ బొత్తాం అని మొదలుపెట్టి, ఆగిపోయినాడు. ఆగితే మంచిదే అనుకున్నా నేను. నా పంతం నెగ్గింది అనుకున్నా.

చిత్తూరాయన అన్నాడు, "పర్లేదు సార్, నాకిప్పుడు అక్కరలేదు. నేను మానుకున్నా."

ఏందన్నా మానుకునింది అని నేను ముందుకు వంగినాను. నెమ్మదిగా చెప్పుకొచ్చినాడు. ఎనిమిదో పాఠం తెరిస్తే చిత్రం, చిత్రం అంటా ఉండిందంట. తన వేళ్ళు తప్పు చోట పడతా ఉండాయేమోనని మళ్ళామళ్ళా నొక్కినాడంట. ఎస్కేప్ నొక్కినాడంట, పేజీలో నేను చెప్పినట్టే. ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్ళా వేసుకున్నాడంట. భోజనం కూడా మానేసి కూర్చున్నాడంట. నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదన్నా అంటే, ఏడు పాఠాలు చెప్పించుకోని, ఎనిమిదో దాంట్లో ఇంత మొద్దునని మీకెట్ల చెప్పేదమ్మా అన్నాడు. లారీలు మొదలయినాయి. తనే పోయి యజమానితో, నాకు ఇంక రాదయ్యా, ఎవురినైనా పెట్టుకోండి అని చెప్పుకున్నాడంట. ఇంకో వారం చూద్దాంలేప్పా అన్నాడంట ఆ యజమాని. వద్దు, మీ పని చెడిపోతాదని ఈయనే వద్దన్నాడంట. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవురో కుర్రాయన కూర్చోనుండాడు.

ఆ పిల్లోడు నేరుగానే ఒప్పుకున్నాడు. "తప్పు మీది కాదండీ. మీరు సరిగ్గానే నొక్కినారు. రాత తీసేసి బొమ్మలు పెట్టింది నేను" అన్నాడు. పాత పేజీలు ఇప్పుడే పెట్టేస్తానన్నాడు. అన్నట్టే, కొండకు పోయేలోపల ఆ గదిలోనే కూర్చుని పెట్టేసినాడు. ఇప్పుడు పోయి వినండి, అన్నీ ఉండాయి, ఒక్క మాట పోలేదు. మా గుంపులో వాళ్ళు ఇంకేమి కోపం మేడం మీకు, అంతా సరైపోయింది గదా అంటారు.

ఆ పూట ఫోన్లో మాత్రం, తప్పు మీది కాదని ఆ పిల్లోడు అన్న మాటకు చిత్తూరాయన నవ్వినాడు. తనను సముదాయించేదానికి నేనే ఆ పిల్లోడి చేత అట్ల అనిపిస్తా ఉండానని అనుకున్నాడు. నేను ఫోను లాక్కోని, ఒట్టు అన్నా, నిజం, బొమ్మలే పెట్టినారు, నీ వేళ్ళ తప్పేం లేదు అని గొంతు చించుకున్నాను. ఆయన నిదానంగా విన్నాడు.

"ఊరుకోండి టీచరమ్మా. కండ్లు లేనోళ్ళ కోసం చేసిందాంట్లో ఎవురైనా బొమ్మలు పెడతారా? నాకే చేతకాలా" అన్నాడు.