అవధాని గారి దవడ

దెయ్యాల కథలు చెబితే మొహం మీదే నవ్వేసే మనిషిని నేను. రాజమండ్రిలో నాకో ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. కండరం, నరం, కరెంటు, నేను నమ్మేవి ఈ మూడే.

అవధాని గారిని డెంటిస్టు గారు పంపారు. కోనసీమలో వేదం చెప్పుకుని బతికే మనిషి. నిద్రలో పళ్లు కొరికి కొరికి దవడ కండరాలు బిగుసుకుపోయాయి. నోట్లో చెంచా దూరితే గొప్ప. జావే ఆహారం. వేదం చెప్పేవాడికి నోరే తెరుచుకోకపోతే ఇంకేముంది?

వెంట వచ్చిన అన్నగారే అంతా చెప్పారు. ఇద్దరికీ తండ్రే గురువు. తమ్ముడికి ఆఖరి పాఠం సగం చెప్పి ఆయన పోయారు. మిగతాది తను చెబుతానన్నా తమ్ముడు ఒప్పుకోలేదట. పళ్లు కొరకడం అప్పుడే మొదలైంది.

మనసులో దిగులండి, తగ్గిపోతుందని చెప్పి, బుగ్గలకి ప్యాడ్లు అంటించి టెన్స్ మిషన్ పెట్టాను. కరెంటు ఒకసారి తట్టితే దవడ ఒకసారి అదిరి వదలాలి. అలా అదరగా అదరగా బిగుసుకున్న కండరం సడలుతుంది. ఆయన దవడ మాత్రం ప్రతి తట్టుకీ రెండుసార్లు అదిరింది.

మిషన్ పాడైందనుకుని నా బుగ్గకే పెట్టుకు చూశాను. ఒక్కసారే. ఇంకో మిషన్ తెచ్చాను. ఆయనకి మళ్లీ రెండే. చిరాకేసి ఆపబోయాను.

అన్నగారు లేచి నిలబడ్డారు. "ఆపకండమ్మా! సంత అవుతోంది."

సంత అంటే వేదం నేర్పే పద్ధతట. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు.

"బావుందండి, గురువు గారు నా మిషనా?" అని నవ్వి స్విచ్ ఆపేశాను. వైర్లు కూడా పీకేశాను.

దవడ ఆగలేదు. కాస్త ఆగడం, రెండుసార్లు అదరడం. మళ్లీ ఆగడం, మళ్లీ రెండుసార్లు. అప్పుడు మాత్రం నాకు భయమేసింది.

కాసేపటికి ఆయన నోరు తెరుచుకుంది. కళ్లు మూసుకునే గొంతెత్తారు. వింటూ వింటూ అన్నగారు ఏడ్చేశారు.

"ఇది మిగిలిపోయిన సగమేనమ్మా. స్వరం కూడా అచ్చం నాన్నగారు చెప్పినట్టే ఉంది."

అన్నగారు చదువుకుంటుంటే ఎప్పుడో చెవిన పడి ఉంటుంది, దానికి నా దగ్గర జవాబుంది. వైర్లు నా చేతిలో ఉండగా ఆడిన దవడకే జవాబు లేదు.

మరుసటి వారం మళ్లీ పెట్టాను. ఒక తట్టుకి ఒకే అదురు. పళ్లు కొరకడం కూడా పోయిందట.

దెయ్యాలని ఇప్పటికీ నమ్మను. కానీ ఆ రోజు ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నామని మాత్రం గట్టిగా చెప్పలేను.