మోకాలి ఫిల్ము మూలన ముత్యం

కరోనా వార్డులు ఎత్తేసిన మరుసటి ఎండాకాలం నన్ను సిరిసిల్ల నుంచి కోరుట్ల వైపు ఒక ప్రభుత్వాసుపత్రికి సీనియర్ రేడియోగ్రాఫరుగా బదిలీ చేశారు. అప్పటికి రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. మోకాళ్ల నొప్పులు, దగ్గులు, బండి మీది నుంచి పడ్డ చేతులు, రోజుకు నలభై యాభై ఎక్స్‌రేలు. ఊళ్లో నా పేరెవరికీ తెలియదు, అందరికీ ‘ఎక్స్‌రే మేడం’నే.

రేడియోగ్రాఫర్ అంటే ఎక్స్‌రే డాక్టర్ అనుకుంటారు. కాదు. మనిషిని సరిగ్గా పడుకోబెట్టడం, ఎముక మందాన్ని బట్టి ఎంత కిరణం కావాలో చూసుకోవడం, కుడి ఎడమల గుర్తు పెట్టడం, బొమ్మ తీయడం, అంతవరకే మా పని. బొమ్మలో ఏముందో చెప్పాల్సింది డాక్టర్. కాగితం మీద నియమం ఇది. కానీ ముప్పై నాలుగేళ్లు అదే పని చేసిన మనిషికి కళ్లుంటాయి. జగిత్యాలలో డార్క్ రూం అసిస్టెంటుగా తడి ఫిల్ములు కడిగిన రోజుల నుంచి చూస్తున్నాను. విరిగిన ఎముకను చాలాసార్లు డాక్టర్ల కంటే ముందు నేనే పట్టుకున్నాను. ఆ పొగరు నాకుండేది, ఇప్పటికీ ఉంది.

ఒక మంగళవారం కథలాపూర్ మండలం నుంచి రాజవ్వ అనే ఆమె మోకాలి ఎక్స్‌రేకు వచ్చింది. అరవై దాటిన మనిషి. బల్ల మీద పడుకోబెట్టాక కొంగు ముడి విప్పి ఒక ముత్యం తీసింది. అంత పెద్ద ముత్యాన్ని నేనెప్పుడూ చూడలేదు. రేగుపండంత ఉంది, వెండి తెలుపు, ఎక్కడా నొక్కు లేదు.

“నా కొడుకు పంపిచ్చిండు మేడం. లాకెట్ చెయ్యమంటే అవుసులాయన గింత పెద్దది అసలుది ఉండదు, పట్నంల ఎక్స్‌రే తీసి చూస్తరు, గట్ల చూపిచ్చుకో అన్నడు. మోకాలు పక్కన జర పెట్టున్రి” అంది.

పెట్టకూడదు. రోగి శరీరం తప్ప ఇంకేదీ బొమ్మ పడే పలక మీద ఉండకూడదు, గాజులు కూడా తీయించి పక్కన పెట్టిస్తాం. అయినా పెట్టాను. నాకూ చూడాలనిపించింది. తెర మీద రాజవ్వ అరిగిన మోకాలు, కింది మూలన తెల్లటి గుండ్రం. ఆ గుండ్రం లోపల సన్నటి నల్ల గీతతో ఇంకో గుండ్రం. పెద్దది చేసి చూసి, అడిగిందే తడవుగా చెప్పేశాను. లోపల పూస ఉంది, మీద పూత వేశారు, అసలు ముత్యంలో పూసెందుకుంటది అన్నాను. మోకాలి ఫిల్ము ప్రింటు తీసి ఇచ్చాను. ముత్యం కూడా అందులోనే పడింది.

నేను ఆ సంగతి మరిచిపోయాను. రాజవ్వ మరిచిపోలేదు.

తర్వాతి సోమవారం పొద్దున సిరిసిల్ల బస్సు దిగి ఒక అమ్మాయి నేరుగా నా గదికి వచ్చింది. చంకలో ఏడాది లోపు పిల్ల. పేరు మమత, రాజవ్వ కోడలు. కాన్పుకు సిరిసిల్లలోని తల్లిగారింటికి పోయినప్పుడు తన నగల డబ్బాను, అందులోనే దాచి ఉంచిన ఆ ముత్యంతో సహా తీసుకుపోయిందట. ఇప్పుడు లోపల పూస ఉందని తేలింది కాబట్టి, అసలు ముత్యాన్ని తల్లిగారింట్లో ఉంచేసి నకిలీది తెచ్చి పెట్టిందని అత్త నింద వేసింది. పిల్లతో సహా ఇంట్లోంచి పంపేసింది. ఆదివారం కుల సంఘంలో పంచాయితీ. సాక్ష్యం నా ఫిల్ము, నా మాట.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడుస్తుందేమోనని నేనే కుర్చీ జరిపాను, కూర్చోలేదు కూడా.

“మీరే అన్నరట గద మేడం. నా మొగని ముందట గదే మాట అనున్రి” అని ఫోను నా చేతిలో పెట్టింది.

ఫోనులో గంగారాం. మస్కట్‌లో బోటు ఇంజన్ల పని చేసి, అక్కడి పరిచయంతో ఇండోనేషియాలో ఒక దీవి పక్కన ముత్యాల ఫారానికి పోయాడు. మొదటి కాంట్రాక్టు ముగిసినప్పుడు యజమాని చేతిలో పెట్టిన ముత్యాన్ని తల్లికి పంపాడు. నేను చూసింది చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు: “పూస పెట్టకుంటే ముత్యం ఎట్లయితది మేడం? మేం పెట్టేదే పూస.”

నా వృత్తి జీవితంలో అంత సిగ్గుపడిన క్షణం ఇంకోటి లేదు. అతను బోటు మీదే నిలబడి ఓపిగ్గా చెప్పాడు. అక్కడి ముత్యపు చిప్ప అన్నం తినే పళ్లెమంత పెరుగుతుంది. దాన్ని రెండేళ్లు పెంచాక, నోరు కొంచెం తెరిపించి చిన్న చెక్క ముక్క అడ్డం పెడతారు. చేయి తిరిగిన ఆపరేటర్ లోపలి మెత్తటి కండలో సన్నటి గాటు పెట్టి, నున్నగా చెక్కిన పూసను దూరుస్తాడు. పూస గాజుది కాదు, మంచినీటి ఆల్చిప్పను కోసి గుండ్రంగా చేసింది. దాని పక్కనే ఇంకో ముత్యపు చిప్ప అంచు నుంచి కోసిన చర్మపు ముక్క పెడతాడు. ఆ ముక్క పెరిగి పూస చుట్టూ సంచి కడుతుంది. ఆ సంచే పొర మీద పొర ముత్యాన్ని పోస్తుంది. ముత్యం రంగు కూడా ఆ ముక్క ఇచ్చిన చిప్పను బట్టే ఉంటుంది. తర్వాత చిప్పల్ని వలల్లో పెట్టి సముద్రంలో తాళ్లకు వేలాడదీస్తారు. వాటిని తిప్పుతూ ఉండాలి, మీద పట్టిన నాచూ గవ్వలూ గీకి కడుగుతూ ఉండాలి. ఇంకో రెండేళ్లు. కొన్ని చిప్పలు చచ్చిపోతాయి, కొన్ని పూసను బయటికి కక్కేస్తాయి.

“కక్కిందో లేదో ఎట్ల తెలుస్తది?” అన్నాను.

“మా దగ్గర గూడ ఎక్స్‌రే మిషన్ ఉన్నది మేడం. కొన్ని నెలలైనంక చిప్పలన్నిటిని దాంట్లకెళ్లి పంపుతం. పూస కనబడితే మళ్ల నీళ్లల్లకు. కనబడకుంటే పక్కకు.”

ఆ తెర బొమ్మ ఒకటి పంపాడు. వరసగా చిప్పలు, ఒక్కోదాని నడుమ తెల్లటి గుండ్రం. నేను నకిలీకి గుర్తు అనుకున్నదాని కోసం అక్కడ నాలాంటి పని చేసే మనిషి కళ్లల్లో వత్తులేసుకుని వెతుకుతున్నాడు. నా బొమ్మ సరైనదే. నేను దాన్ని చదివిన తీరే తప్పు.

ఇదంతా తల్లికి చెప్పలేదా అని అడిగాను. చెప్పాడట. పెండ్లాం మాట జవదాటడు, దాన్ని కాపాడేతందుకు కథలు చెప్తుండు అని ఆమె కొట్టేసింది. కొడుకు మాట కంటే నా ఫిల్ముకు విలువెక్కువైంది.

రాజవ్వ ఓపీ చీటీ నంబరు కింద భద్రపరిచిన బొమ్మను కంప్యూటర్లో మళ్లీ తెరిచి, కొలత గీతలు పెట్టి చూశాను. ముత్యం పన్నెండు మిల్లీమీటర్లు, లోపలి పూస ఎనిమిది. అంటే చుట్టూ రెండు మిల్లీమీటర్ల పొర. పూత వేసిన నకిలీకి అంత మందం ఎక్కడిది? అసలైన దాన్ని దాచేసి, దాని స్థానంలో అంతే పెద్ద అసలైన దాన్ని ఎవరు తెచ్చి పెడతారు?

సూపరింటెండెంట్ గారికి నేనే పోయి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. రోగి ఎక్స్‌రేలో ముత్యం పెట్టడం ఒక తప్పు, పంచాయితీకి పోయి ప్రభుత్వ ఉద్యోగి మాట్లాడటం ఇంకో తప్పు, పెన్షన్ కాగితాలు కదులుతున్న టైములో ఎందుకమ్మా అన్నారు. నోటితో పోయిన మాటే కదా, రాజవ్వను ఇక్కడికి పిలిచి నోటితోనే సర్దిచెప్పమన్నారు. పోతే మెమో ఇవ్వక తప్పదన్నారు.

ఇవ్వండి సార్ అన్నాను. ఆ అమ్మాయిని ఊరంతా దొంగ అంటుంటే నేను నా గదిలో కూర్చుని ఒక్క మనిషి చెవిలో సర్దిచెప్పాలా? నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, నా మీద.

ఆదివారం కోరుట్ల నుంచి షేర్ ఆటోలో కథలాపూర్ వైపు పోయాను. సంఘం హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. నా ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి ఒకరి తర్వాత ఒకరు చూస్తున్నారు. తెల్ల కాగితం మీద రాసుకుపోయింది చదివాను. ఆసుపత్రి ముద్ర లేదు, నా పేరూ సంతకం ఉన్నాయి.

కులపెద్ద నొసలు చిట్లించాడు. “మేడం, మొన్న పూస ఉన్నదంటిరి. గిప్పుడు లేదంటున్నరా?”

“అప్పుడు ఉన్నదన్న, ఇప్పుడు ఉన్నదంటున్న. ఉండాల్నని అప్పుడు నాకు తెల్వది” అన్నాను.

ఫోన్లో చిప్పల బొమ్మ చూపించాను. కొలతలు చెప్పాను. పొర మందం సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మూడోసారి అడిగినా చెప్పేదాన్ని. రాజవ్వ నన్నే చూస్తూ, నీ మాట పట్టుకునే నేను గింత చేసిన గద మేడం అంది. నిజమే, మాట నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. కోడల్ని వెళ్లగొట్టమని మాత్రం నేను చెప్పలేదన్నాను.

కులపెద్దకు ఇక తొందరగా ముగించాలనిపించింది. చదువుకున్న మేడానికే తెలియనిది మనకేం తెలుస్తుంది, అత్తాకోడళ్లు సర్దుకుని ఇంటికి పొండి అన్నాడు. కొందరు లేవబోయారు. పిల్లను ఎత్తుకుని గోడ పక్కన నిలబడ్డ మమత ముందుకు వచ్చింది.

“సర్దుకునుడు కాదు పెద్దనాయ్న. నేను దొంగనా కాదా? గది చెప్పున్రి. చెప్పినంకనే పోత.”

లేచినవాళ్లు కూర్చున్నారు. కులపెద్ద అటూ ఇటూ చూశాడు. చివరికి నువ్వు దొంగవు కాదు బిడ్డా, అందరం తప్పు పట్టినం అన్నాడు. మెల్లగా అన్నాడు. వెనకోళ్లకు వినబడలేదని నేనే గట్టిగా అడిగాను, మళ్లీ చెప్పించాను. ప్రభుత్వ ఉద్యోగి చేయాల్సిన పని కాదది. చేశాను.

రాజవ్వ కొంగు ముడి విప్పి ముత్యాన్ని కోడలి చేతిలో పెట్టబోయింది. మమత పుచ్చుకోలేదు. “నీ కొడుకు నీకు పంపిండు అత్తా. మెడల నువ్వే ఏస్కో. ఎవరన్న అడుగుతె లోపల పూస ఉన్నదని చెప్పు” అని ఆ రోజు సిరిసిల్లకే పోయింది. పది రోజులకు రాజవ్వ స్వయంగా పోయి కోడల్ని తీసుకొచ్చిందని విన్నాను.

మెమో బుధవారానికి వచ్చింది. రెండు ప్రశ్నలు. రోగి శరీరం కాని వస్తువును ఎందుకు ఎక్స్‌రే తీశారు, అనుమతి లేకుండా బహిరంగంగా అభిప్రాయం ఎందుకు చెప్పారు? రెండింటికీ సంజాయిషీ రాసి పశ్చాత్తాపం తెలిపితే ఫైలు మూసేస్తామని గుమాస్తా మంచిగానే చెప్పాడు. రెండు వాక్యాలే రాశాను. మొదటిది తప్పు, ఒప్పుకుంటున్నాను. రెండోది తప్పు కాదు, మళ్లీ అవసరమైతే మళ్లీ చెప్తాను. మందలింపు నా సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. పెన్షన్ నాలుగు నెలలు ఆలస్యమైంది.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, బొమ్మ చదవొచ్చా మేడం అని. చదవండి అంటాను. తెలియనిచోట తెలియదని చెప్పండి. తప్పు చదివి అది నలుగురిలోకి పోతే, ఆ నలుగురి దగ్గరికే పోయి, వెనక కూర్చున్నవాళ్లకు కూడా వినబడేటట్టు తప్పని చెప్పండి. దానికి మెమో వస్తే తీసుకోండి.