రిటైర్మెంటు కేకు

కుట్టుమిషన్ల దగ్గర కుర్చీలు మేనేజరు తీయించిన రోజున వెర్లీన్ నేల మీద బాసింపట్టు వేసుకుని, పరుపు అంచు చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. "లేవమ్మా, పరువు పోతుంది," అన్నాడు మేనేజరు. "పోయేది నీదేగా బాబూ," అంది. మధ్యాహ్నానికల్లా కుర్చీలు తిరిగొచ్చాయి. పక్క మిషను మీది ఇమోజీన్ అదంతా కళ్లారా చూసింది.

ఒహాయోలోని ఆ పరుపుల ఫ్యాక్టరీలో వెర్లీన్‌కి ఇది ముప్పై ఒకటో ఏడు. గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. వంకరపోయిన బొటనవేలితో తడిమి, కుట్టు ఎక్కడ తప్పిందో చెప్పేస్తుంది. కారణం చెప్పకుండా ఎప్పుడైనా తీసెయ్యొచ్చని ఉద్యోగపు కాగితంలోనే ఉంది. అరవై మూడో ఏట తీసేశారు. ఆ మాట అనడానికి మాత్రం వాళ్లకి మొహం చెల్లలేదు. కేకు తెచ్చి, తనంతట తానే రిటైరవుతున్నట్టు సంతకం పెట్టమన్నారు. పింఛను ఎప్పుడో ఎత్తేశారు. సంతకం పెడితే నిరుద్యోగ భృతి కూడా రాదు. "నేను మానలేదు, మీరు గెంటారు. అదే రాయండి. ఈ కేకు మీరే మింగండి," అని కేకు కోసే కత్తి బల్ల మీద విసిరికొట్టింది. చప్పట్లకు లేచిన తోటి పనివాళ్ల చేతులు, ఇమోజీన్‌వి కూడా, కిందికి దిగాయి.

బయట కారు దగ్గర వెర్లీన్ ఇమోజీన్ చెయ్యి పట్టుకుంది. "భృతి ఆఫీసులో సాక్షి కావాలంటారే. నీదీ అలాంటి ఉద్యోగమే, రేపు నిన్నూ గెంటుతారు, నాకు తెలుసు. అయినా అడుగుతున్నా. నీ అక్షరాలు ఎలా ఉన్నా సరే, ఇవాళ చూసింది చూసినట్టు రాసి, కింద నీ పేరు పెట్టు."