తుపాకి లెక్క కనవడొద్దన్నందుకు

కోరుట్లలో మా పార్శిల్ ఆఫీసు నుంచి గల్ఫ్‌కు పచ్చళ్లు, సకినాలు పంపుతుంటాం. ఈ రోజు పొద్దున బీర్పూర్ నుంచి ఒకాయన సకినాల డబ్బాతో పాటు తువ్వాలలో చుట్టిన పొడవాటి మూట తెచ్చాడు. విప్పితే ముత్తాత కాలం నాటి తుపాకి. దసరా పూజలో పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

"మస్కట్‌ల మా తమ్మునికి వీసా ఇచ్చిన కఫీల్ దీని ఫొటో చూసి కావాలన్నడన్నా. పంపకుంటే వీసా రెన్యువల్ చేస్తడో లేదో."

పాత తుపాకి దేశం దాటాలంటే ఢిల్లీ దాకా అనుమతులు కావాలని అరగంట చెప్పాను.

"గది పేలదన్నా, తుప్పు పట్టింది."

విసుగొచ్చి, "పేలకున్నా స్కానర్‌ల తుపాకి లెక్క కనవడితే పంపుడు కాదు" అనేశాను. తలూపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మళ్లీ వచ్చి, వెల్డింగ్ షాపులో కోయించిన మూడు ముక్కలు బల్ల మీద పెట్టాడు.

"ఇగ తుపాకి లెక్క కనవడదన్నా. సకినాల నడుమ పెట్టు."

బొట్టు కూడా సగానికి తెగింది. ఇక అది కఫీల్‌కూ పనికిరాదు, వచ్చే దసరాకూ పనికిరాదు. తిట్టబోయాను గానీ, ఆ ఉపాయం నేనే చెప్పినట్టయింది. మీరైతే ఏమనేవారు?

సకినాలు మాత్రం రేపు వెళ్తాయి.