ఒకటి అన్నదెవరు

ఒట్టు పెట్టమంటే పెట్టను. ఒట్లు మా ఇంట్లో తప్పు. కానీ ఇది జరిగింది. ఢిల్లీ మయూర్ విహార్‌లో, మా ఫ్లాట్‌లో, నా రెండు చెవులతో విన్నాను. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఫిల్మ్‌లో ఏదైనా నీడ కనిపిస్తే దయ్యం అనుకోను, పేషెంట్ కదిలాడు అనుకుంటాను. అలాంటివాడు చెబుతున్నాడని గుర్తుపెట్టుకుని వినండి.

దసరా సెలవులకు కారులో వెళ్దామనుకున్నాం. ఆగ్రా కోట, ఫతేపూర్ సిక్రీ, అక్కడి నుంచి రాజస్థాన్‌లో ఆభానేరి మెట్ల బావి. మూడేళ్లుగా వాయిదా పడుతున్న ప్రయాణం. మా జోయెల్‌కి ఏడేళ్లు, కెజియాకి నాలుగు. మా ఆవిడ సునీత నర్సు. సరేనంది గానీ, ఒక షరతు పెట్టింది.

“కోటలూ బావులూ అంటున్నారు. పిల్లలు ఒక్క నిమిషం కనబడకపోయినా నేను తట్టుకోలేనండీ. అటునుంచి అటే వెనక్కొచ్చేస్తా.”

ఆ మాట అనే హక్కు ఆమెకుంది. జోయెల్ కంటే ముందు మాకొక బిడ్డ. నెలలు నిండాకే పుట్టింది. ఏడవలేదు. పేరు కూడా పెట్టలేదు. పిల్లలకు ఆ సంగతి తెలియదు, ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆ తర్వాత ఏడాదిపాటు సునీత రాత్రుళ్లు లేచి ఖాళీ గదిలో కూర్చునేది. మళ్లీ ఆ రోజులు రాకూడదన్నది ఒక్కటే నా కోరిక.

మా చర్చి సండే స్కూల్లో ఒక పద్ధతి ఉంది. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లినా వయసు వరసలో ఒక్కొక్కరికి ఒక అంకె ఇస్తారు. పాఠం చెప్పే ఆంటీ “లెక్క!” అంటే చాలు, పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టి ఎవరి అంకె వాళ్లు అరవాలి. అదీ తెలుగులోనే. ఢిల్లీ పిల్లల నోట నాలుగు తెలుగు ముక్కలు పలికించడానికి ఆంటీ వేసిన ఎత్తు అది. ఒక్క అంకె తగ్గినా బస్సు కదలదు. ప్రయాణానికి అదే వాడదామనుకున్నాను. జోయెల్ ఒకటి, కెజియా రెండు.

“ఇద్దరికి లెక్కేంటండీ, చోద్యం కాకపోతే” అని సునీత నవ్వింది.

ఆ రాత్రి ఆమెకు నైట్ డ్యూటీ. పిల్లలకు అన్నం పెట్టి, ప్రార్థన చేయించి, పడుకోబెట్టి లైటు తీసేశాను. నేను హాల్లో బల్ల దగ్గర కూర్చున్నాను. ఏ ఊరికి ఎన్నింటికి చేరాలి, కెజియా నిద్ర ఎప్పుడు, బాత్‌రూమ్ ఎక్కడ... అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాను. కోటల్లో చీకటి గదులుంటాయి కదా, చీకట్లో కూడా అలవాటవ్వాలని అక్కడి నుంచే అరిచాను.

“లెక్క!”

“ఒకటి!” జోయెల్. “రెండు!” కెజియా. తర్వాత ఒకటే నవ్వులు. ఇంకోసారి పిలిచాను. మళ్లీ ఒకటి, రెండు. “బస్, చాలు, ఇక పడుకోండ్రా” అన్నాను.

పదకొండు దాటింది. మెట్ల బావి గురించి చదువుతున్నాను. అన్నీ నిటారు మెట్లు... వేలల్లో. పై అంచున పిల్లల్ని ఎవరు పట్టుకోవాలి, కిందికి అసలు దిగనిస్తారా... అదే ఆలోచన. గదిలో ఫ్యాన్ టక్... టక్... అంటోంది. ఆ ఫ్యాను ఎప్పుడూ అంతే. నిద్రపోయారో లేదో చూద్దామని, కుర్చీలోంచి లేవకుండానే, గొంతు తగ్గించి అన్నాను.

“లెక్క.”

ఏమీ లేదు. టక్... టక్...

పడుకున్నారనుకున్నాను. పెన్ను మూత పెట్టబోయాను.

“ఒకటి.”

స్పష్టంగా వినిపించింది. నిద్రగొంతు కాదు. మా జోయెల్ ఆ మాట ఎప్పుడూ సరిగ్గా అనలేడు, హిందీ పిల్లాడిలా సాగదీస్తాడు. ఇది తేటగా, మా గుంటూరు వైపు పిల్లలు అన్నట్టుగా ఉంది. ఆడో మగో చెప్పలేను.

టక్... టక్...

“రెండూ...” ఇది జోయెల్. నిద్రలో గొణిగాడు.

“మూడు.” ఇది కెజియా.

ముందు నాకు కోపం వచ్చింది. ఎవరో ఆటపట్టిస్తున్నారన్న కోపం. తర్వాత ఆ గదిలో ఉన్నది ఇద్దరేనని గుర్తొచ్చింది. గదిలోకి వెళ్లి లైటు వేశాను. ఇద్దరూ గాఢనిద్రలో ఉన్నారు. గోడపక్కన పడుకోవడానికి రోజూ కొట్టుకునే పిల్లలు... ఇద్దరూ మంచం ఈ చివరకు జరిగి ఉన్నారు. గోడపక్క ఖాళీ. చెయ్యి పెట్టి చూశాను. దుప్పటి వెచ్చగా ఉంది. అంతకుముందు జోయెల్ అక్కడ పడుకుని ఉండొచ్చు. ఉండొచ్చు.

తెల్లారేదాకా హాల్లోనే కూర్చున్నాను. పొద్దున్నే పాలు తాగుతున్న జోయెల్‌ని మామూలుగా అడిగాను.

“నీ అంకె ఎంతరా?”

“రెండు.”

“ఒకటి కదా నువ్వు?”

“వన్ తో హో గయా నా, డాడీ” అన్నాడు. ఒకటి అయిపోయిందట. ఎవరన్నారంటే, పతా నహీ అని భుజాలెగరేసి కార్టూన్ పెట్టుకున్నాడు.

సునీత డ్యూటీ నుంచి వచ్చింది. నేను చెప్పలేదు. భయపడి ప్రయాణం మానేస్తుందని కాదు. మానేస్తే మానేసింది. ఆ గదిలో మళ్లీ రాత్రంతా కూర్చుని “లెక్క” అంటూ ఎదురుచూస్తుందేమోనని. నాకున్న భయమల్లా అదే. జోయెల్‌కి మాత్రం రోజూ చెప్పాను, నువ్వు ఒకటి రా, ఒకటి అని. సరే సరే అనేవాడు.

బయలుదేరే రోజు. ఇంకా చీకటిగానే ఉంది. కింద పార్కింగ్‌లో కారెక్కి ప్రార్థన చేసుకున్నాం. వెనక సీట్లో పిల్లలు చెరో కిటికీ దగ్గర సర్దుకున్నారు, మధ్యలో ఖాళీ. ఇంజిన్ స్టార్ట్ చేయబోతుంటే సునీత వెనక్కి తిరిగింది.

“ఏయ్ పిల్లలూ... లెక్క!”

నేను స్టీరింగ్ వంకే చూస్తున్నాను. రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. నాకైతే ఏమీ వినిపించలేదు.

“రెండు” అన్నాడు జోయెల్.

“మూడు” అంది కెజియా.

ఒకటి ఏదిరా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ముందుకు తిరిగి బెల్టు పెట్టుకుంది.

“సరిపోయారు, పదండి” అంది.

ఆగ్రా, సిక్రీ, మెట్ల బావి... అన్నీ చూసొచ్చాం. ఎవరూ తప్పిపోలేదు. ప్రతిచోటా లెక్క ఆవిడే పిలిచింది, ప్రతిచోటా రెండు నుంచే మొదలైంది. ఆమె నాకంటే ముందే ఏదో రాత్రి విన్నదా, పిల్లలే చెప్పారా... నాకు తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకటి మాత్రం గమనించాను. లెక్క అన్నాక సునీత కాసేపు ఆగుతుంది. ఏదో విన్నట్టు చిన్నగా తలూపుతుంది. అప్పుడు జోయెల్ వైపు చూస్తుంది.