బోరుకొచ్చిన ఇంజను

మా వీధిలో జీపులు తిరుగుతాయి, ఆటోలు తిరుగుతాయి, సంత రోజు సరుకు వ్యాన్లు తిరుగుతాయి. నేలకు పొట్ట రాసుకుంటూ పోయే స్పోర్ట్స్ కారు మాత్రం ఒక్క మా ఆయనే కొన్నారు, అదీ పాతది. జి.మాడుగులలో కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషికి ఆ సోకేమిటని మావాళ్లంతా కొండ కింద నుంచి ఫోన్లు చేసి మరీ ఏడిపించారు. బస్తా బియ్యం పట్టని కారు ఎందుకండీ అని నేనూ అడిగాను. "బస్తా లేకుండా తిరగడానికే" అన్నారు.

ఆదివారం పొద్దున్నే పాడేరు వైపు వెళ్లి, ఘాటు రోడ్డంతా తిరిగి, ఫలహారం వేళకు వచ్చేవారు. ఊరి కింది మలుపులో గేరు తగ్గించి దాన్ని ఒక్క అరుపు అరిపించేవారు. అది వంటింట్లోకి వినపడగానే నేను పెనం మీద అట్టు పోసేదాన్ని. దాన్ని కాల్చి, తిప్పి, కంచంలో వేసేసరికి ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఉండేవారు. "ఏటండీ ఆ గోల, ఊరంతా లేచిపోనాది" అని ప్రతి వారం కసిరేదాన్ని. పిల్లల్లేని ఇల్లు మాది. ఆ గోలే మా ఇంటి సందడి.

ఆయన పోయాక ఇది రెండో చలికాలం. కారు పెరట్లో రేకుల కింద ఉంది. చివరి నెలల్లో నీలం పొగ కక్కేది, లోపల టకటకా కొట్టుకునేది. విప్పించాలి, విప్పించాలి అంటూనే వెళ్లిపోయారు.

మొన్న సంతకి కబురు పెడితే, ఆయన కారు చూసే మెకానిక్కు పాడేరు నుంచి వచ్చాడు. బానెట్ ఎత్తి, పానాతో ఇంజన్ని మెల్లగా తిప్పి, చెవి ఆనించి విన్నాడు.

"ఇంజను బోరుకొచ్చీసిందమ్మా."

నాకు తెలిసిన బోరు ఒకటే. ఇన్నాళ్లు ఒక్కతే పడి ఉంటే దానికి మాత్రం కొట్టదా, నాకు కొట్టడం లేదూ అనుకున్నాను. అతను చెప్పింది వేరు. పిస్టన్లు ఆడే గొట్టాల గోడలు అరిగిపోయాయట. వాటిని చెక్కించి, కాస్త పెద్ద పిస్టన్లు వేయించాలట. టర్బో కూడా మార్చాలి. అన్నీ కలిపితే కారు వెలకంటే ఎక్కువే అవుతుంది. ఉన్నదున్నట్టు అమ్మేస్తే, ఇంజను పార్టుల కోసమైనా ఎవరో ఒకరు కొనుక్కుంటారు.

"మీరేటి నడపరు గదమ్మా. అంత పెట్టి ఏటి లాబం?"

లాభం నాకు తెలుసు, కానీ అట్టు సంగతి మెకానిక్కుకి ఎలా చెప్పను? ఆదివారాలు ఇతన్నే పిలిచి ఘాటు మీద ఓ చుట్టు తిప్పి రమ్మనొచ్చు, ఆ మలుపులో గేరు తగ్గించమనొచ్చు అని అప్పటికే మనసులో అనేసుకున్నాను. కొట్లో పిసినారిదాన్నని పేరున్నదాన్ని. అయినా దీనికి వెనకాడలేదు.

"చేయిస్తే శబ్దం ఎప్పట్లాగే వత్తాదా బాబూ?"

అతని మొహం వెలిగిపోయింది. నా కసుర్లు అతనూ చాలాసార్లు విన్నవాడే.

"లేదమ్మా! ఆ అరుపు కొన్ననాటికే అరిగిపోయిన ఇంజనుది. బోరు సేయిత్తే మెత్తగా ఉంటాది. ఇంట్లో ఉంటే మీకు ఇనపడనే ఇనపడదు."

పెరటి మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏమీ చెయ్యొద్దని చెప్పాను.

"ఇప్పుడు ఒక్కసారి స్టార్ట్ చేసి గట్టిగా అరిపించు."

"ఒద్దమ్మా! లోపల పిస్టన్ రాడ్డు కొట్టుకుంతంది. స్టార్టు సేత్తే ఇంజను గోడ బద్దలైపోద్ది. పార్టులకి కూడా పనికిరాదు."

"పోనీ."

అతను నన్ను వింతగా చూసి, తన జీపులో బ్యాటరీ విప్పి తెచ్చి కారుకు బిగించాడు. నేను వంటింట్లోకి వెళ్లి పెనం పెట్టాను. అది కాలాక, ఇక కానియ్యమని కిటికీలోంచి చెయ్యి ఊపాను.

అదే అరుపు. మలుపులోంచి కాదు, పెరట్లోంచి, అయినా అదే. పిండి పోసి గరిటె తిప్పుతుంటే ఏడుపు ఆగలేదు. "ఏటండీ ఆ గోల" అని పైకే అన్నాను. అంతలోనే ఇనుము విరిగిన పెద్ద చప్పుడు.

ఆ తర్వాత పెనం మీద పిండి చిటపటలే వినిపించాయి. అట్టు ఇంకా తిప్పే వేళ కాలేదు.